తోడు మనిషి

“గ్లాసు ఎడమచేత్తో ఎందుకు పట్టుకున్నావు పాపా?”

అడగకూడదని పొద్దున లేచినప్పుడే అనుకున్నాను. అయినా అడిగాను.

వంటింటి గడపకు ఆనుకుని టీ తాగుతున్న ఎస్తేరు నా వైపు చూడలేదు.

“కుడిచేతిలో ఫోనుంది గదమ్మా.”

“ఫోను అటు మార్చుకుని గ్లాసు ఇటు పట్టుకోవచ్చుగా.”

“పట్టుకోవచ్చు.”

“మరి పట్టుకో. ఒక్కసారి పట్టుకో, చూస్తా.”

“ఏం చూస్తావు?”

 ఏం చూస్తానో దానికి తెలుసు. అది ఇంటికి వచ్చి వారం రోజులైంది. ఈ వారంలో నేను దాని మొహం చూసింది తక్కువ, చేతులు చూసింది ఎక్కువ. జడ వేసుకుంటుంటే చూస్తాను. అన్నం కలుపుకుంటుంటే చూస్తాను. చెప్పు బకిలీ పెట్టుకోవడానికి రెండుసార్లు తడుముకుంటే ఆ పూట నాకు ముద్ద దిగదు.

“నువ్వు ఇట్లనే చూస్తా ఉంటే లేని వణుకు కూడా వచ్చేటట్టుంది,” అంది.

“అట్లాంటి మాట నోట్లోంచి రానీబాక!”

“నువ్వు పొద్దస్తమానం మనసులో అనుకోవచ్చు, నేను నోటితో అంటేనే తప్పా?”

టీ సగంలోనే వదిలేసి గ్లాసు గట్టుమీద పెట్టింది. ఎడమచేత్తోనే పెట్టింది.

బుధవారం నుంచి మా మధ్య మాటలన్నీ ఇట్లాగే తెగిపోతున్నాయి. మందిరంలో నేను చేసిన పని బుధవారమే దాని చెవిన పడింది. “నీకు ఎవరు చెప్పినారమ్మా?” అని ఒక్క మాట అడిగింది. “నేనే చూసినా” అన్నాను. అంతే. ఆ తర్వాత తిట్టలేదు, ఏడవలేదు. తిట్టినా బాగుండేది.

వసారాలో మా ఇంటాయన మంచం కిర్రుమంటూనే ఉంది. జీవానందం మెలకువగా ఉన్నంతసేపూ ఆ మంచం ఆగదు. భుజం ఒకవైపు, కాలు ఒకవైపు, మెడ ఇంకోవైపు. ఆయన ఒళ్ళు ఆయన చెప్పినట్టు వినడం మానేసి ఆరేళ్ళు. మాట పోయి ఏడాది దాటింది. నిద్రపోతేనే ఆ ఒంటికి నిమ్మళం.

మా మామ శాంతయ్యకు కూడా ఇదే. తండ్రీకొడుకులిద్దరూ పలకల గనిలో దిగినవాళ్ళు. రాతిదుమ్ము తలకెక్కిందన్నారు. మా పేటలో దీని పేరే గనిజబ్బు. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని, పెద్దలు అన్నదే నమ్మాను. నమ్మి నా బిడ్డను దుమ్ముకు దూరంగా పెంచాను. దాని ఈడు పిల్లలందరూ ఎండాకాలం సెలవుల్లో పలకలకు చట్రాలు బిగించే పనికి పోతుంటే, దీన్ని ఆ ఫ్యాక్టరీ గేటు కూడా దాటనివ్వలేదు. నేను పనినుంచి వచ్చిన చీరతో దాన్ని ఎత్తుకునేదాన్ని కాదు. అది చేతులు చాచి ఏడుస్తున్నా సరే, స్నానం చేసి, చీర మార్చి, అప్పుడు ముట్టుకునేదాన్ని.

అంత జాగ్రత్త పడ్డాను. తీరా అది పెద్ద చదువులు చదివి, బెంగుళూరులో మెదడు మీద పరిశోధన చేసేచోట చేరి, ఒకరోజు వచ్చి నా పక్కన కూర్చుని చెప్పింది. “దుమ్ము కాదమ్మా. మన నెత్తురులోనే ఉంది. దీన్ని హంటింగ్టన్ జబ్బంటారు. నాయనకు ఉంటే బిడ్డకు వచ్చేదీ రానిదీ సగం సగం.”

సగం సగం. ఆ రోజునుంచి నేను ఒక సగాన్నే చూస్తున్నాను.

“నువ్వు చూపించుకున్నావా?” అని అప్పుడే అడిగాను. “నా సంగతి వదిలెయ్” అంది. ఇప్పటికి ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఎప్పుడడిగినా అదే మాట.

గట్టుమీది గ్లాసు తీసి కడగబోతున్నాను. వీధిలోంచి అరుపు వినపడింది.

“బయటికి రా అక్కా! నీ మొహం చూపియ్యి!”

నా తోటికోడలు మగ్దలీనమ్మ గొంతు. వాళ్ళది కొనకనమిట్ల దగ్గర పల్లె. ఈ వేళకు మార్కాపురంలో మా గుమ్మం ముందు ఉన్నదంటే మొదటి బస్సుకే ఎక్కి ఉండాలి.  ఎవరికో ఏదో అయిందనుకున్నాను.

ఆమె వెనక మా మరిది సత్యానందం. అతని వెనక వాళ్ళ కొడుకు ప్రకాశరావు, ఒంటిమీద ఖాకీ చొక్కా, తల దించుకుని.

“ముందు కూచో మగ్దలీనా, నీళ్ళు తాగు…”

“నీ నీళ్ళు నాకొద్దు. ఆదివారం మీ మందిరంలో లేచి, నా కొడుకు కోసం ప్రార్థన చేయమన్నావంట?”

“నేను మంచికే అడిగినా మగ్దలీనా.”

“బాగా చేసినారు. నా కొడుకు చేతిలో బండి తాళాలు ఊడబెరికిందాకా చేసినారు!”

“తాళాలా?” ఎస్తేరు వంటింట్లోంచి ఒక్క అంగలో వసారాలోకి వచ్చింది. “ఏ తాళాలు చిన్నమ్మా?”

సత్యానందం మంచం కోడు పక్కన చతికిలబడ్డాడు. అన్న వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

“పుల్లారావు తీసుకున్నాడంట పాపా. మంగళవారమే. వీడు మాకు చెప్పలేదు. రోజూ ఈ చొక్కా తొడుక్కుని, క్యారియర్ కట్టించుకుని బయలుదేరతన్నాడు. బడి బస్సు తోలేదానికే పోతన్నాడని మేమనుకున్నాం. నిన్న మా ఊరాయన ఎర్రగొండపాలెం పోతా ఇక్కడ బస్టాండులో చూసినాడంట. బెంచీ మీద కూచోనున్నాడంట. అడిగితే, మూడు రోజుల్నుంచి అక్కడే కూచుంటన్నాడు. బడి వదిలే టైముకు లేచి ఇంటికి వస్తన్నాడు.”

“క్యారియర్‌లో అన్నం ఏం చేసినావురా?” అని అడిగింది మగ్దలీనమ్మ ఉన్నట్టుండి, కొడుకు వైపు తిరిగి. “మూడు రోజులు నేను కట్టిచ్చిన అన్నం ఏం చేసినావు?”



పుల్లారావు ఊళ్ళో పెద్ద కిరాణా దుకాణం ఉన్న మనిషి. ఒక ప్రైవేటు బడికి బస్సులు కూడా ఆయనే తిప్పుతాడు. ఆయన చెవికి మాట ఎట్లా చేరిందో నాకు తెలుసు. మా మందిరంలో పాటలయ్యాక పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు చెప్పమంటారు. ఒకరు లేచి పిల్లవాడి జ్వరం చెబుతారు. ఒకరు పరీక్షలు చెబుతారు. ఒకరు బోరులో నీళ్ళు పడలేదని చెబుతారు. అది చాడీ కాదు, భారం దింపుకోవడం. దేవుడికి చెప్పేటప్పుడు పేరు దాచకూడదని మా అమ్మ నాకు నేర్పింది. నేను లేచి, మా మరిది కొడుకు ప్రకాశరావుకు కూడా మా ఇంటాయన జబ్బే తేలింది, బిడ్డ చిన్నవాడు, కనికరించమని అడగండి అన్నాను. ఆడవాళ్ళందరూ కొంగులు కళ్ళకద్దుకున్నారు. అట్లా అద్దుకున్నవాళ్ళలో ఒకామె పుల్లారావు ఇంట్లో అంట్లు తోముతుంది.

“పుల్లారావు చెడ్డగా మాట్లాడలేదు వదినా,” అన్నాడు సత్యానందం. “నేను బస్సు దిగంగానే దుకాణానికి పోయి అడిగినా. కుర్చీ ఏసినాడు. ‘నీ కొడుకు మీద నాకు కోపం లేదు. నలభైమంది పిల్లలు ఎక్కే బండి. వాళ్ళ అమ్మానాయనలు నన్ను నిలబెట్టి అడగతన్నారు. రేపు ఆ చెయ్యి స్టీరింగు మీద జారితే ఎవరు జవాబు చెప్పేది?’ అన్నాడు. నేనేం చెప్పేది?”

ఎస్తేరు తమ్ముడి దగ్గరికి పోయి నిలబడింది.

“నాకెందుకు చెప్పలేదురా?”

“చెప్తే ఏం చేస్తావక్కా?”

“చెప్పాల్సింది.”

“ఏం చేస్తావంటన్నా గదా.”

వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. చిన్నప్పుడు నా దగ్గర బెల్లం దాచినప్పుడు కూడా ఇద్దరూ ఇట్లాగే చూసుకునేవాళ్ళు.

“ఏం చేస్తది మీ అక్క?” మగ్దలీనమ్మ ఇప్పుడు ఎస్తేరు మీదికి తిరిగింది. “ఏండ్లకేండ్లు చదివినావు. మా ఇంటిల్లిపాది నెత్తురు సీసాల్లో పట్టుకపోయినావు. తలకాయలు మిషన్లో పెట్టించినావు. ఏం కనుక్కున్నావు తల్లీ? మందుందా?”

“లేదు చిన్నమ్మా.”

“మరి దేనికి?”

 ఎస్తేరుకు అది ఎన్నిసార్లు చెప్పిన మాటో, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

“మెదడులో ఒక కణం ఇంకో కణాన్ని పిలుస్తది. ఆ పిలుపు అందుకునేవి రిసెప్టర్లు. చెయ్యి ఎత్తాలన్నా, ఎత్తిన చేతిని ఆపాలన్నా ఆ పిలుపు అందాల. ఈ జబ్బులో అవి తగ్గిపోతా వస్తాయి. పిలిచేది పిలుస్తానే ఉంటది, అవతల పలికేది ఉండదు. పైకి వణుకు కనపడేటప్పటికే అవి తగ్గడం మొదలై ఏండ్లయి ఉంటది. ఎప్పుడు మొదలవుతుందో, ఎందుకు మొదలవుతుందో తెలిస్తే, అక్కడ అడ్డం పడేదానికి దారి ఎతకొచ్చు. నేను చేసేది ఆ పని.”

“అడ్డం పడినారా?”

“ఇంకా లేదు.”

“అంటే, వస్తదని చెప్పేదానికి మిషన్లున్నాయి. రాకుండా చేసేదానికి ఏం లేదు.”

“లేదు.”

“బాగుంది. మమ్మల్ని ముందే చంపి పెడతన్నారు.”

“అందుకే అడగనోళ్ళకు చెప్పం చిన్నమ్మా. తెలుసుకుంటామన్నోళ్ళకే చెప్తాం. అదీ, పక్కన సొంతమనిషి ఒకరు తోడు ఉంటేనే చెప్తాం. బయట ఎవరికీ పేరు తెలియకూడదు. మీ మామగారి అన్నదమ్ముల బిడ్డలు, వాళ్ళ బిడ్డలు, ఎంతమంది ఇండ్లకు తిరిగి ఈ మాట ఇచ్చినానో నీకు తెలుసు.” అక్కడ ఆగి నా వైపు తిరిగింది. బుధవారం నుంచి దాచిపెట్టిందంతా అప్పుడు వచ్చింది. “నిన్నటికి నాలుగిండ్లోళ్ళు ఫోన్ చేసినారమ్మా. మా నెత్తురు మాకిచ్చెయ్యమన్నారు. త్రిపురాంతకం పెద్దాయనైతే, ‘వచ్చే ఆదివారం మీ అమ్మ మా పేర్లు కూడా చదువుతుందా?’ అని అడిగినాడు. బెంగుళూరు నుంచి మా పెద్ద డాక్టరమ్మ ఫోన్ చేసి మార్కాపురం పని ఆపెయ్యమంది. మాట ఎవరి నోట్లోంచి బయటికి పోయిందో రాసి పంపమంది. ఏం రాయను? మా అమ్మ అని రాయనా?”

“రాయి. నీ చేత్తోనే రాయి,” అన్నాను. నాకు ఉక్రోషం వచ్చింది. “కన్నతల్లి మీద అర్జీ పెట్టు. దేవుడి ముందు చెప్పుకున్నా గానీ, దొంగతనం చేసినానా?”

“దేవుడికి చెప్పేదానికి అంతమంది ముందు లేవాల్నా?”

“ఇంట్లో ఎవరికి చెప్పుకోను? నీకు చెప్తే పలకవు. మీ నాయన పలకలేడు.”

మంచం గట్టిగా కిర్రుమంది. ఆయన కళ్ళు మా ఇద్దరి మధ్యా తిరుగుతున్నాయి. వినపడుతుంది ఆయనకు. అన్నీ వినపడతాయి.

“అసలు నీకు చెప్పిందెవరక్కా?” మగ్దలీనమ్మ నా కొంగు పట్టుకుంది. “వీడు పరీక్షే చేయించుకోలేదని నా తలమీద చెయ్యి పెట్టి చెప్తన్నాడు. నీకెవరు చెప్పినారు?”

“ఎవరూ చెప్పాల్సిన పన్లేదు. నా కళ్ళతో నేను చూసినా.”

చూశాను. పోయిన శనివారం ఒక ఆసుపత్రిలో రెండు గదులు అడిగి తీసుకుని ఎస్తేరు వాళ్ళు ఫలితాలు చెప్పే క్యాంపు పెట్టారు. వాళ్ళందరికీ పులిహోర చేసి పట్టుకుపోయి, నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. గదిలో ఒక బల్ల. బల్లకు అవతల బెంగుళూరు నుంచి వచ్చిన పెద్ద డాక్టరమ్మ. ఇవతల ఫలితం వినే మనిషి, పక్కన తోడు మనిషి. చుట్టాల ఫలితాల జోలికి ఎస్తేరు పోకూడదట. దానికి నంబర్లే గానీ పేర్లు తెలియవట. పొద్దుటినుంచి అది ఆ గదిలోకి పోలేదు, బయట కాగితాలే చూసుకుంటూ ఉంది. మధ్యాహ్నం ప్రకాశరావు వచ్చాడు. వాడు లోపలికి పోతుంటే వెనకే ఇదీ పోయింది. తెల్లకోటు తీసి చేతిమీద వేసుకుని పోయింది. ఉక్కకు తీసిందనుకున్నాను. వాడి అమ్మానాయనలు రాలేదు గదా, తమ్ముడికి తోడుగా పోతున్నదనుకున్నాను.

పావుగంటకు వాడొక్కడే బయటికి వచ్చాడు. గోడకు తల ఆనించి ఏడ్చాడు. నేను దగ్గరికి పోయి వీపు నిమిరితే, నా మొహం చూసి ఇంకా ఎక్కువ ఏడ్చాడు.

ఇంక నాకు ఎవరు చెప్పాలి?

ఇదంతా వాళ్ళ ముందు చెప్పాను. చెబుతుంటే మగ్దలీనమ్మ చేతిలోంచి నా కొంగు జారిపోయింది.

“ఏందిరా ఇది?” అంది కొడుకుతో, గొంతు తగ్గించి. “నువ్వు ఆ గదిలోకి పోయినావా?”

“పోయినా.”

“పరీక్ష చేయించుకోలేదంటివే?”

“చేయించుకోలేదు. నేను సూది కూడా పొడిపించుకోలేదమ్మా.”

“అబద్ధం,” అన్నాను నేను.

“అబద్ధం కాదు పెద్దమ్మా.”

సత్యానందం లేచాడు. “అయితే మంచిదేగా. ఇప్పుడు చేయించుకో. ఏం లేదని కాగితం తీసుకుపోయి పుల్లారావు బల్లమీద పెడదాం. తాళాలు ఆయనే ఇస్తాడు.”

“నాకొద్దు నాయనా.”

“ఎందుకొద్దు?”

“నాకు తెలుసుకోవాలని లేదు. వచ్చేదైతే వస్తది. అందాకన్నా నన్ను మనిషిలాగ బతకనీండి.”

“బండి లేకుండా ఏం బతుకుతావురా!”

“వద్దన్నవాడిని బలవంతం చేసే హక్కు మనకు లేదు చిన్నాయనా,” అంది ఎస్తేరు.

“నువ్వుండు పాపా. ఒరే, చేయించుకోనోడివి ఆ గదిలోకి ఎందుకు పోయినావు? ఆసుపత్రి కాడ నిన్ను చూసినోళ్ళున్నారంట, పుల్లారావు కూడా నన్ను అదే అడిగినాడు. నేను నోరు మూసుకుని వచ్చినా. ఎందుకు పోయినావు?”



“నోరు తెరువురా!” మగ్దలీనమ్మ వాడి భుజం పట్టుకుని కుదిపింది. “ఒక్క మాట చెప్తే తాళాలు వస్తాయంటే చెప్పవేందిరా? ఎవరి కోసం దాస్తన్నావు?”

ఖాకీ చొక్కా పై గుండీ ఊడి కింద పడింది. వాడు వంగి దాన్ని ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

నేను గెలుస్తున్నాననుకున్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఆ క్షణాన వాడికి జబ్బు ఉండాలనే నేను కోరుకున్నాను. నేను ఎత్తుకుని పెంచిన పిల్లవాడు. వాడికి లేకపోతే మందిరంలో నేను చెప్పింది అబద్ధమవుతుంది. అంతమంది ముందు నా నోరు అబద్ధపు నోరవుతుంది. అందుకని వాడి ఎదురుగా పోయి నిలబడి, నా కూతురు కూడా వినేట్టుగా అడిగాను.

“సరే, సూది పొడిపించుకోలేదు. కాగితం నీది కాదు. మరి ఎవరి కోసం ఏడ్చినావురా?”

ప్రకాశరావు తల ఎత్తాడు. వాళ్ళమ్మను చూడలేదు. నన్ను చూడలేదు. నా భుజం మీదుగా నా వెనక నిలబడ్డ మనిషిని చూశాడు. వాడి కళ్ళలో ఒకటే ఉంది. ఏం చెప్పమంటావు అన్నట్టు.

వీధిలో కూరగాయల బండి మైకులో టమాటాలు, వంకాయలు అని చెప్పుకుంటూ వచ్చింది, మా గుమ్మం దాటింది, పేట చివరి దాకా పోయింది.

నేను వెనక్కి తిరగలేదు. తిరగాలంటే భయమేసింది. ఎదురుగా తలుపు వెనక మేకుకు ఎస్తేరు తెల్లకోటు వేలాడుతోంది. శనివారం సాయంత్రం అక్కడ తగిలించింది. అప్పటినుంచి దాన్ని ముట్టుకోలేదు. రోజూ ఊడుస్తూ ఆ కోటు పక్కనుంచే పోయాను. ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

ఆ రోజు ఉక్క లేదు. పొద్దుటినుంచి మబ్బు పట్టి గాలి తోలుతూనే ఉంది. పులిహోర ఆకులు ఎగిరిపోతుంటే నేనే గిన్నె బరువు పెట్టాను.

మంచం ఇంకా గట్టిగా ఊగుతోంది. ఆయన మెడ పైకి లేపాలని చూస్తున్నాడు, మెడ పక్కకు పోతోంది. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఎస్తేరు పోయి మంచం అంచున కూర్చుంది. కొట్టుకుంటున్న వాళ్ళ నాయన పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“చెప్పొద్దక్కా,” అన్నాడు ప్రకాశరావు. “బండి పోతే పోనీ. ఇంకోటి చూసుకుంటా.”

అది తల అడ్డంగా ఊపింది. పాదం ఒళ్ళోంచి జారకుండా ఇంకా గట్టిగా పట్టుకుంది. నాకు దాని చేతులే కనపడుతున్నాయి. పాదం కదులుతోందో, పట్టుకున్న చేతులు కదులుతున్నాయో తెలియలేదు.

“ఇంక వాణ్ణి అడగబాకమ్మా,” అంది చివరికి. “శనివారం వాడు నాకు తోడొచ్చినాడు. బల్లకు ఇవతల కూచున్నది నేను.”